ఇంటికి గ్యాస్ స్టాండ్‌బై జనరేటర్: టెక్సస్‌లో మీటరు నుంచి ప్యానెల్ దాకా

2021 ఫిబ్రవరి చలి తుఫానులో టెక్సస్‌లో 45 లక్షల ఇళ్ళకు పైగా కరెంటు పోయింది. డాలస్ విమానాశ్రయంలో ఫిబ్రవరి 16న ఉష్ణోగ్రత మైనస్ 2 ఫారన్‌హీట్‌కు, అంటే దాదాపు మైనస్ 19 సెల్సియస్‌కు పడింది. 2024 జూలై 8న బెరిల్ తుఫాను తాకినప్పుడు హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లు ఆగిపోయాయి, అదీ మండు వేసవిలో. ఫ్రిస్కో, ప్లేనో, కేటీ లాంటి చోట్ల మన తెలుగువాళ్ళ ఇళ్ళ పక్కన గ్యాస్ జనరేటర్లు ఇప్పుడు తరచుగా కనిపించడానికి కారణం ఈ రెండూ.

మన ఊళ్ళో ఇన్వర్టర్ పెట్టుకున్నట్టో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో డీజిల్ జనరేటర్ ఉన్నట్టో దీన్ని అనుకోకూడదు. ఇది గ్యాస్ లైన్‌కు శాశ్వతంగా కలిపిన 999 సీసీ ఇంజను. కరెంటు పోతే దానంతటదే స్టార్టవుతుంది, మీరు ఇంట్లో లేకపోయినా సరే. పెట్టె ఏ కంపెనీదైనా పెద్ద తేడా రాదు. తేడా వచ్చేది గ్యాస్ పైపులో. సరిగ్గా పనిచేయని జనరేటర్లలో ఇంజను బాగానే ఉండి, గ్యాస్ చాలకపోవడమే కారణమైన సందర్భాలు చాలా ఎక్కువ. అందుకే ఈ వ్యాసంలో గ్యాస్‌కే ఎక్కువ చోటు ఇచ్చాం.

ఏ పని ఎవరిది అన్నది ముందే తేల్చుకోండి. సహజవాయువు పైపు పని టెక్సస్‌లో లైసెన్సున్న ప్లంబరు చేయాలి. ప్రొపేన్ అయితే రైల్‌రోడ్ కమిషన్ (పేరు రైళ్ళదే అయినా టెక్సస్‌లో చమురు, గ్యాస్ వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ) లైసెన్సున్నవాళ్ళు చేయాలి. వైరింగ్‌కు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ కావాలి. ఇక్కడ చెప్పేది మీ చేత పైపులు కోయించడానికి కాదు. కొటేషన్ చదవడానికి, పని జరుగుతుంటే ఎక్కడ చూడాలో తెలియడానికి.

1. ఎన్ని కిలోవాట్లు

ఇంట్లో ఉన్నవన్నీ కూడి లెక్కేస్తే 40 కిలోవాట్లు దాటిపోతుంది. అన్నీ ఒకేసారి నడవవు కాబట్టి ఆ లెక్క పనికిరాదు. ఫ్రిజ్, లైట్లు, ఇంటర్నెట్, ఫర్నేస్ (చలికాలం ఇంటిని వేడిచేసే గ్యాస్ హీటరు) బ్లోయర్, మైక్రోవేవ్ అన్నీ కలిపినా 4, 5 కిలోవాట్లలో సర్దుకుంటాయి. వెట్ గ్రైండర్ అసలు లెక్కలోకే రాదు. బరువంతా నాలుగు వస్తువులది: ఏసీలు, కరెంటు డ్రయర్, కరెంటు ఓవెన్, కారు ఛార్జర్. 48 ఆంప్స్ కారు ఛార్జర్ ఒక్కటే 11.5 కిలోవాట్లు లాగుతుంది.

ఏసీతో ఇంకో చిక్కు ఉంది. 4 టన్నుల ఏసీ నడుస్తున్నప్పుడు సుమారు 4 కిలోవాట్లే తీసుకుంటుంది, కానీ కంప్రెసర్ కదిలే క్షణంలో దానికి ఐదారు రెట్ల కరెంటు గుంజుతుంది. ఆ దెబ్బకు వోల్టేజీ పడిపోయి లైట్లు మినుకుమంటాయి. ఒక్కో ఏసీకి సాఫ్ట్ స్టార్టర్ పెట్టిస్తే ఈ గుంజుడు బాగా తగ్గుతుంది. పెద్ద జనరేటర్ కొనడం కంటే ఇదే చవక.

రెండు ఏసీల ఇంటికి మామూలుగా 22 నుంచి 26 కిలోవాట్లది తీసుకుంటారు. ఇక్కడొక మెలిక గమనించాలి. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండే అంకె ప్రొపేన్‌కు సంబంధించినది. 24 కిలోవాట్లని అమ్మేది సహజవాయువు మీద 21 ఇస్తుంది, 22ది 19.5 ఇస్తుంది. మీ లెక్క ఈ రెండో అంకెతో చేయాలి.

ఇల్లంతటినీ జనరేటర్ మీదకు ఆటోమేటిక్‌గా మార్చేటట్టయితే, ఆ భారం మొత్తాన్ని జనరేటర్ మోయగలగాలి, లేదా భారం మించితే కొన్నిటిని వాటంతటవే ఆపే ఏర్పాటు ఉండాలి. ఇది నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 702వ ఆర్టికల్ నిబంధన. కారు ఛార్జర్‌కు, డ్రయర్‌కు, రెండో ఏసీకి లోడ్ తగ్గించే మాడ్యూల్స్ పెట్టించడం దీనికే.

2. ఎక్కడ పెట్టాలి

చోటు ఎంపికలో అందం గురించి చివర ఆలోచించండి. ముందు పొగ. ఈ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ లేదు, వాసనా లేదు. 2021లో టెక్సస్‌లో చలికి తట్టుకోలేక గ్యారేజీలో కారు, ఇంట్లో బొగ్గు కుంపటి, గుమ్మం దగ్గర జనరేటర్ నడిపి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. స్టాండ్‌బై జనరేటర్ ఎప్పుడూ ఆరుబయటే ఉండాలి. గ్యారేజీ తలుపు తీసి ఉంచినా, పైకప్పున్న వరండా అయినా ఒప్పుకోకూడదు.

కొలతలు ఇవి. తెరుచుకునే కిటికీలు, తలుపులు, గోడలోని వెంట్లు, బయటి గాలి లోపలికి తీసుకునే రంధ్రాలు, వీటన్నిటికీ కనీసం 5 అడుగులు. మండే స్వభావమున్న గోడకు కూడా ఎన్‌ఎఫ్‌పీఏ 37 (అమెరికాలో జనరేటర్ ఇంజన్లకు వర్తించే అగ్నిభద్రతా ప్రమాణం) ప్రకారం 5 అడుగులే, కానీ అగ్ని పరీక్ష నెగ్గిన మోడళ్ళకు తయారీదారు మాన్యువల్ 18 అంగుళాలు చాలంటుంది. ముందువైపు, పక్కల 3 అడుగులు ఖాళీ ఉంచాలి. పొగ వెళ్ళే వైపు పొరుగింటి కిటికీ ఉందేమో చూడండి. టెక్సస్‌లో రెండు ఇళ్ళ మధ్య సందు పదడుగులే ఉండే కాలనీలు చాలా ఉన్నాయి, అక్కడ ఈ 5 అడుగుల నియమమే మొత్తం ప్లాన్‌ను మార్చేస్తుంది. పై అంతస్తు కిటికీ, చూరు కింది వెంట్లు చాలామంది మరిచిపోతారు, పొగ పైకే కదా లేచేది.

గ్యాస్ మీటరుకు కనీసం 3 అడుగులు వదలాలి, కంపెనీ ఇంకా ఎక్కువ అడగవచ్చు. ఏసీ బయటి యూనిట్ పక్కనే పెడితే జనరేటర్ వేడి గాలిని అది పీల్చుకుంటుంది. వర్షపు నీళ్ళు నిలిచే మూల వద్దు, హ్యూస్టన్‌లో వరద మట్టం కంటే ఎత్తులో దిమ్మె కట్టాలి. స్థలం అంచున యూటిలిటీ ఈజ్‌మెంట్ (కరెంటు, గ్యాస్ లాంటి కంపెనీల లైన్లకు వదలాల్సిన జాగా) ఉంటే అందులో కాంక్రీటు పోయకూడదు.

హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) ఒప్పుకోదేమోనని భయపడక్కర్లేదు. 2015 నుంచి అమల్లో ఉన్న టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 202.019 ప్రకారం అది స్టాండ్‌బై జనరేటర్‌ను పూర్తిగా నిషేధించలేదు. లైసెన్సున్నవాళ్ళతో పెట్టించమని, వీధిలోంచి కనబడకుండా మరుగు కట్టమని మాత్రం అడగగలదు. దరఖాస్తు పెట్టి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

పీఠానికి మట్టి గట్టిగా దిమ్మిస చేసి, నాలుగైదు అంగుళాల సన్న కంకర పరిచి, దాని మీద రెడీమేడ్ ప్యాడ్ గానీ 4 అంగుళాల కాంక్రీటు పలక గానీ వేస్తారు. యంత్రం 200 కిలోలకు పైమాటే, టెక్సస్ నల్లరేగడి ఎండకు కుంచించుకుపోయి వానకు ఉబ్బుతుంది. ప్యాడ్ ఒరిగితే ముందు దెబ్బతినేది గ్యాస్ కనెక్షన్. తవ్వే ముందు 811కు ఫోన్ చేయాలి, కనీసం 48 గంటల ముందు. వాళ్ళు వచ్చి భూమిలోని గ్యాస్, కరెంటు, కేబుల్ లైన్ల మీద గుర్తులు పెడతారు, దానికి డబ్బులుండవు.

3. గ్యాస్ చాలుతుందా: మీటరు

24 కిలోవాట్ల జనరేటర్ పూర్తి భారం మీద గంటకు 306 క్యూబిక్ అడుగుల సహజవాయువు తాగుతుంది. ఒక్కో క్యూబిక్ అడుగుకు సుమారు వెయ్యి బీటీయూలు (వేడిని కొలిచే ప్రమాణం) వేసుకుంటే మూడు లక్షల పైచిలుకు. ఇప్పుడు ఇంట్లో ఉన్నవి కూడండి: 80 వేల బీటీయూల ఫర్నేస్‌లు రెండు, 1,99,000 బీటీయూల ట్యాంక్‌లెస్ హీటర్ ఒకటి, 60 వేల గ్యాస్ స్టవ్ ఒకటి. ఇవే 4,19,000. జనరేటర్‌తో కలిపి 7,25,000 అవుతుంది. గంటకు 250 క్యూబిక్ అడుగుల తరగతి మీటరున్న ఇంట్లో ఇది ఎలా సరిపోతుంది?

కాబట్టి మొదటి ఫోన్ జనరేటర్ షాపుకు కాదు, గ్యాస్ కంపెనీకి. డాలస్ చుట్టుపక్కల ఆట్మోస్, హ్యూస్టన్‌లో సెంటర్‌పాయింట్. ఉన్న పరికరాల బీటీయూలు, కొత్తగా పెట్టబోయేదాని బీటీయూలు ఒక కాగితం మీద రాసి మీటరు పెద్దది చేయమని దరఖాస్తు పెట్టాలి. మీటరు మార్పుకు వారాలు పట్టవచ్చు. జనరేటర్ వచ్చి పెరట్లో కూర్చున్నాక ఈ సంగతి గుర్తొస్తే ఆ వారాలన్నీ దాన్ని చూస్తూ గడపాలి.

4. పైపు ఎంత లావు

జనరేటర్‌కు మీటరు దగ్గర్నుంచే విడిగా లైన్ లాగాలి. పెరట్లో బార్బెక్యూ కోసం బిల్డర్ వదిలిన అరంగుళం పైపుకు కలిపేద్దాం అని ఎవరైనా అంటే అక్కడే ఆపండి. 60 అడుగుల పొడవున అరంగుళం ఇనుప పైపు గంటకు 65 క్యూబిక్ అడుగులు మాత్రమే మోస్తుంది, జనరేటర్‌కు కావలసింది 306.

మామూలు ఇంటి ప్రెషర్‌లో, అర అంగుళం వాటర్ కాలమ్ (గ్యాస్ ప్రెషర్‌ను అది ఎత్తగల నీటి మట్టంతో చెప్పే కొలత) తగ్గుదల అనుమతిస్తూ, షెడ్యూల్ 40 ఇనుప పైపు ఇచ్చేది ఇలా ఉంటుంది.

40 అడుగులకు: ముప్పావు అంగుళం 170, అంగుళం 320, అంగుళంపావు 657.
60 అడుగులకు: ముప్పావు 137, అంగుళం 257, అంగుళంపావు 528.
100 అడుగులకు: ముప్పావు 104, అంగుళం 195, అంగుళంపావు 400.

అన్నీ గంటకు క్యూబిక్ అడుగులే. మీటరు ఇంటికి ఒక పక్క, జనరేటర్ వెనక మూల, మధ్య 60 అడుగులు అనుకుంటే అంగుళం పైపు చాలదు, అంగుళంపావు వేయాలి. 40 అడుగులకు అంగుళం పైపు 320 ఇస్తుంది, కాగితం మీద సరిపోయింది. కానీ నాలుగైదు ఎల్బోలు కలిస్తే ఆ 14 క్యూబిక్ అడుగుల వెసులుబాటు ఎగిరిపోతుంది. అంగుళంపావు ఎల్బో ఒక్కొక్కటి మూడున్నర అడుగుల పైపుతో సమానం. ఎల్బోలు ఎక్కువైతే వాటిని పొడవులో కలిపి లెక్కేయండి. పైపు ఒక సైజు పెంచితే అయ్యే అదనపు ఖర్చు, తర్వాత తవ్వి మార్చే ఖర్చు ముందు లెక్కలోకి రాదు.

దూరం మరీ ఎక్కువైతే ఇంకో దారి: గ్యాస్ కంపెనీని 2 పీఎస్‌ఐ ప్రెషర్ ఇవ్వమని అడగడం. అప్పుడు సన్న పైపే చాలు, కానీ జనరేటర్ దగ్గర, ఇంటి పరికరాలకు కూడా విడివిడిగా రెగ్యులేటర్లు కావాలి. ఒక పీఎస్‌ఐ 27.7 అంగుళాల వాటర్ కాలమ్, సహజవాయువు మీద జనరేటర్ తట్టుకునేది 7 అంగుళాలు మాత్రమే. రెగ్యులేటర్ లేకుండా 2 పీఎస్‌ఐ నేరుగా కలిపితే లోపలి వాల్వులు పాడవుతాయి, గ్యాస్ లీకవుతుంది.

భూమిలో వెళ్ళే భాగానికి పసుపు పాలిథిలీన్ పైపు వాడతారు. కనీసం 12 అంగుళాల లోతు ఉండాలి, ఊరి కోడ్ 18 అడిగితే 18. పక్కనే పసుపు ట్రేసర్ వైరు వేయాలి, లేకపోతే రేపు ఎవరైనా తవ్వేటప్పుడు ప్లాస్టిక్ పైపును కనిపెట్టే దారి ఉండదు. నేల పైకి వచ్చే చోట దానికోసమే తయారైన రైజర్ పెట్టాలి, పసుపు పైపు ఎండలోకి కనబడకూడదు.

5. చివరి మూడడుగులు

పైపు జనరేటర్ దగ్గరకు వచ్చాక వరస ఇది: చేతితో తిప్పే షటాఫ్ వాల్వు, విప్పడానికి యూనియన్, కిందికి కనీసం 3 అంగుళాల ముక్కతో సెడిమెంట్ ట్రాప్, ఆ తర్వాత జనరేటర్‌తో వచ్చిన ఫ్లెక్సిబుల్ గొట్టం. పైపులోని తుప్పు, దుమ్ము ట్రాప్‌లో పడిపోతాయి. అది లేకపోతే అవి నేరుగా గ్యాస్ సొలెనాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వు) లోకి పోతాయి.

ఫ్లెక్సిబుల్ గొట్టం ఉన్నది వంచడానికి కాదు, ఇంజను అదురును మింగడానికి. దాన్ని సాఫీగా, తిన్నగా బిగించాలి. కొలత తప్పిన చోట దాన్ని వంకరగా లాగి సర్దేస్తారు, కొన్నేళ్ళకు ఆ మడత దగ్గరే పగులుతుంది. గోడలోంచి, నేలలోంచి దాన్ని తీసుకెళ్ళకూడదు. మరలకు గ్యాస్‌కు పనికొచ్చే సీలెంట్ గానీ పసుపు టేప్ గానీ వాడాలి, నీళ్ళ కుళాయికి చుట్టే సన్న తెల్ల టేప్ కాదు.

ప్రెషర్ పరీక్షకు జనరేటర్‌ను విడదీసి, పైపు చివర మూత బిగించి గాలి పెడతారు. పని ప్రెషర్‌కు ఒకటిన్నర రెట్లు, ఎలా చూసినా 3 పీఎస్‌ఐకి తగ్గకుండా, ఒక కుటుంబం ఉండే ఇంటికి కనీసం 10 నిమిషాలు. కొన్ని ఊళ్ళు ఇంకా ఎక్కువ అడుగుతాయి. జనరేటర్ కలిపే ఉంచి గాలి పెడితే లోపలి రెగ్యులేటర్ చెడిపోతుంది. గ్యాస్ వదిలాక ప్రతి జాయింటుకూ సబ్బు నురగ రాసి చూడాలి. బుడగ ఉబ్బితే లీకే, చిన్నది పెద్దది అని లేదు.

6. గ్యాస్ లైన్ లేని చోట ప్రొపేన్

ఊరికి దూరంగా ఎకరాల స్థలాల్లో ఉన్నవాళ్ళకు ట్యాంకే దారి. 500 గ్యాలన్ల ట్యాంకును 80 శాతమే నింపుతారు, అంటే 400 గ్యాలన్లు. అడుగున కొంత వదిలేస్తే వాడుకోగలిగేది 350 అనుకోండి. 24 కిలోవాట్లది పూర్తి భారం మీద గంటకు సుమారు 3.6 గ్యాలన్లు తాగుతుంది, నాలుగు రోజులు వస్తుంది. సగం భారం మీద రెండున్నర గ్యాలన్లు, ఆరు రోజులకు కాస్త తక్కువ. భారం సగమైతే ఇంధనం సగం కాదు, ఖాళీగా తిరగడానికే ఇంజనుకు కొంత కావాలి మరి. పగలు అవసరం లేనప్పుడు ఆపేస్తేనే ట్యాంకు ఆదా అవుతుంది.

125 నుంచి 500 గ్యాలన్ల వరకు నేల మీది ట్యాంకు ఇంటికి 10 అడుగుల దూరంలో ఉండాలి, అంతకు పెద్దది 2,000 గ్యాలన్ల వరకు 25 అడుగులు. బార్బెక్యూకు వాడే 20 పౌండ్ల సిలిండర్లు రెండు మూడు కలిపితే నడవదా అని అడుగుతుంటారు. నడవదు. ప్రొపేన్ ద్రవం నుంచి ఆవిరి కావడానికి ట్యాంకు ఒంటికి తగిలే వేడి కావాలి. చిన్న సిలిండర్ నుంచి అంత వేగంగా లాగితే అది మంచు పట్టి ప్రెషర్ కూలిపోతుంది. చలి తుఫానులో మరీను, జనరేటర్ కావలసిందీ అప్పుడే.

జనరేటర్ దగ్గరికి వచ్చే ప్రొపేన్ ప్రెషర్ 10 నుంచి 12 అంగుళాల వాటర్ కాలమ్ ఉండాలి. ట్యాంకు దగ్గర మొదటి రెగ్యులేటర్, జనరేటర్ దగ్గర రెండోది. చాలా యంత్రాలు సహజవాయువుకు సెట్ చేసి వస్తాయి. ప్రొపేన్‌కు మార్చే నాబ్ తిప్పడం, కంట్రోలర్‌లో ఇంధనం మార్చడం, ఈ రెండూ చేయాలి. మరిచిపోతే ఇంజను ఆగి ఆగి తిరుగుతుంది, నల్ల పొగ కక్కుతుంది.

7. కరెంటు వైపు

ట్రాన్స్‌ఫర్ స్విచ్ పని ఒక్కటే: ఇల్లు కరెంటు కంపెనీ లైన్ మీదో, జనరేటర్ మీదో ఉండాలి, రెండిటి మీదా ఎప్పుడూ కాదు. రెండు వైపులా పిన్నులున్న వైరుతో డ్రయర్ సాకెట్‌లోకి కరెంటు ఎక్కించడం అనే పద్ధతి ఒకటి ఉంది. వీధి ట్రాన్స్‌ఫార్మర్ మీదుగా ఆ కరెంటు వేల వోల్టులై లైన్ బాగుచేస్తున్న మనిషిని చంపుతుంది.

ఇల్లంతటికీ అయితే మీటరుకు, ప్యానెల్‌కు మధ్య 200 ఆంప్స్ సర్వీస్ రేటెడ్ స్విచ్ (ఇంటి మెయిన్ స్విచ్‌గా కూడా పనిచేసేది) పెడతారు. దీనికి కరెంటు కంపెనీ వచ్చి సరఫరా ఆపాలి, మీటరు సీలు మీరు తెంచకూడదు.

ఇక్కడ తరచుగా జరిగే తప్పు ఒకటుంది. అంతకుముందు ఇంటి ప్యానెల్‌లో న్యూట్రల్, గ్రౌండ్ రెండూ ఒకచోట కలిపి ఉంటాయి. సర్వీస్ రేటెడ్ స్విచ్ వచ్చాక ఆ కలయిక స్విచ్‌లోకి మారాలి. పాత ప్యానెల్‌లోని ఆకుపచ్చ బాండింగ్ స్క్రూ తీసేసి, న్యూట్రల్ వైర్లు ఒక బార్ మీదకు, గ్రౌండ్ వైర్లు ఇంకో బార్ మీదకు విడదీయాలి. స్విచ్ నుంచి ప్యానెల్‌కు నాలుగు వైర్లు వెళ్ళాలి. ఇది చేయకపోతే న్యూట్రల్ కరెంటులో కొంత గ్రౌండ్ వైర్ల మీద, గ్యాస్, నీళ్ళ పైపుల మీద పారుతుంది. లైట్లన్నీ మామూలుగానే వెలుగుతాయి కాబట్టి ఎవరికీ తెలియదు. పని అయ్యాక ప్యానెల్ మూత తీయించి చూడండి, లేదా ఇన్‌స్పెక్టర్ చూశాడో లేదో అడగండి.

22 కిలోవాట్లు అంటే 240 వోల్టుల మీద దాదాపు 92 ఆంప్స్, 100 ఆంప్స్ బ్రేకర్. దానికి 3వ నంబర్ రాగి వైరు గానీ 1వ నంబర్ అల్యూమినియం గానీ వాడతారు. వీటితోపాటు సన్న కంట్రోల్ వైర్లు కూడా వెళ్తాయి. కొన్ని కరెంటు ఉందో లేదో చూస్తాయి, ఒకటి బ్యాటరీ ఛార్జింగ్‌కు, మిగతావి 12 వోల్టుల సంకేతాలకు. 240 వోల్టుల వైరు 12 వోల్టుల టెర్మినల్‌కు తగిలితే కంట్రోల్ బోర్డు మాడిపోతుంది. ఛార్జింగ్ వైరు కలపడం మరిస్తే ఇంకోలా ఉంటుంది: మొదటి కొన్ని వారాలు అంతా బాగుంటుంది, కరెంటు పోయిన రోజు బ్యాటరీ చచ్చి ఉంటుంది.

8. మొదటి స్టార్టు, అసలు పరీక్ష

ఆయిల్ చూసి, బ్యాటరీ కలిపి, పైపులోని గాలి వదిలాక మానోమీటరు (గ్యాస్ ప్రెషర్ కొలిచే సాధనం) తెప్పించండి. ఇది లేకుండా పని పూర్తయిందంటే ఒప్పుకోకండి. ఇంజను ఆగి ఉన్నప్పుడు 7 అంగుళాలు చూపించిందని సంతోషించడంలో అర్థం లేదు, గ్యాస్ కదలనప్పుడు సన్న పైపు కూడా 7 చూపిస్తుంది.

ట్రాన్స్‌ఫర్ స్విచ్‌లో కరెంటు కంపెనీ వైపున్న మెయిన్ బ్రేకర్ దించి జనరేటర్ మీదకు మారనివ్వండి. మామూలు సెట్టింగుల్లో వోల్టేజీ 65 శాతం కిందికి పడ్డాక ఐదు సెకన్లకు స్టార్టవుతుంది, ఇంకో ఐదు సెకన్లు వేడెక్కి భారం తీసుకుంటుంది. అప్పుడు ఏసీలు, ఓవెన్, డ్రయర్ అన్నీ వేయండి. అదే సమయంలో గ్యాస్ స్టవ్ నాలుగు బర్నర్లూ వెలిగించి, వేడి నీళ్ళ కుళాయిలు తిప్పండి, ఫర్నేస్ కూడా ఆన్ చేయండి. ఏసీ, ఫర్నేస్ ఒకేసారేమిటని నవ్వొచ్చు, రెండు యూనిట్లున్న ఇంట్లో ఒకదానిమీద అదీ, ఇంకోదానిమీద ఇదీ పెట్టి చూడొచ్చు. ఇప్పుడు మానోమీటరులో సహజవాయువుకు 3.5 నుంచి 7 అంగుళాల మధ్య ఉండాలి. 3.5 కిందికి జారిందా, పైపు సన్నం, లేదా మీటరు చిన్నది, లేదా రెగ్యులేటర్ చాలదు. మీటరు దగ్గరా, జనరేటర్ దగ్గరా విడిగా కొలిస్తే తప్పు ఎటువైపుందో తేలిపోతుంది. ఈ అంకెలు కాగితం మీద రాయించి దాచుకోండి.

ఇంట్లో ప్రతి అంతస్తులో, పడకగదుల బయట కార్బన్ మోనాక్సైడ్ అలారంలు బ్యాటరీతో పనిచేసేవి ఉండాలి. జనరేటర్ నడుస్తుండగా ఒకసారి ఇల్లంతా తిరిగి చూడండి.

9. తర్వాత

వారానికోసారి కొద్ది నిమిషాలు తనంతట తాను నడిచేలా పెట్టుకుంటారు. మీరు ఇంట్లో ఉండే రోజు, పొరుగువాళ్ళు నిద్రపోని వేళ ఎంచుకోండి, శబ్దం వినిపించని వారం ఏదో తేడా ఉందని మీకే తెలుస్తుంది. మొదటి ఆయిల్ మార్పు చాలా మోడళ్ళకు 25 గంటలకు, ఆ తర్వాత 200 గంటలకు లేదా రెండేళ్ళకు. డాలస్ వైపు చలి రోజులకు బ్యాటరీ వార్మర్ పెట్టించుకోవాలి.

కరెంటు రోజుల తరబడి రాకపోతే 24 గంటలకోసారి ఆపి ఆయిల్ చూడాలి. జనరేటర్ మీది బ్రేకర్ దించి, ఒకటి రెండు నిమిషాలు ఖాళీగా తిరగనిచ్చి ఆపండి. కాసేపు చల్లారాక డిప్‌స్టిక్ తీసి, తగ్గితే పోసి, మళ్ళీ ఆటోలో పెట్టి బ్రేకర్ ఎత్తండి. ఈ ఇంజనుల్లో పట్టేది రెండు లీటర్ల పైచిలుకు ఆయిలే, మూడు రోజులు ఆగకుండా తిరిగితే అది తగ్గి యంత్రం తనంతట తానే ఆగిపోతుంది, సాధారణంగా అర్ధరాత్రి. రెండు క్వార్టులు ఆయిల్, ఒక ఫిల్టర్ గ్యారేజీలో ముందే ఉంచుకోండి. మంచు వాన పడిన పొద్దున పొగ వెళ్ళే వైపు, గాలి లోపలికి పోయే జాలీల మీద, రెగ్యులేటర్ వెంట్ మీద గడ్డకట్టిన మంచును చేత్తో తీసేయండి, వేడి నీళ్ళు పోయకండి.